గోడ అవతలి ‘మళ్ళీ’

మా పక్క ఫ్లాట్‌లోకి కిందటి శనివారం ఒక కొత్త జంట దిగింది. అబ్బాయిది వరంగల్, అమ్మాయిది తెనాలి. ఇద్దరికీ నదికి అవతల, మన్‌హట్టన్‌లో ఉద్యోగాలు. అట్టపెట్టెలు ఇంకా కారిడార్‌లోనే ఉన్నాయి. పాలు పొంగించడానికి గిన్నె దొరకలేదని ఆ అమ్మాయి మా తలుపు కొడితే, గిన్నె పట్టుకుని నేనూ వెంట వెళ్లాను. గుమ్మం దగ్గర ఆ అబ్బాయి తలుపు చట్రాన్ని వేలితో తడుముతున్నాడు. కుడిపక్కన, భుజం ఎత్తులో, ఏటవాలుగా ఒక మచ్చ ఉంది. చుట్టూ రంగు మాసిపోయింది, అక్కడ మాత్రం తెల్లగా ఉంది. పైనా కిందా మేకుల కన్నాలు.

"ఆంటీ, ఇదేంది? వాస్తు కోసం ఎవరన్న ఏమన్న పెట్టిండ్రా?"

"వాస్తు కోసమైతే తిన్నగా పెడతారు గానీ ఇట్లా వంకరగా ఎందుకు పెడతారు?" అంది ఆ అమ్మాయి.

"ఏమో మరి. లీజింగ్ ఆఫీస్‌ల టికెట్ రెయిజ్ చేస్త. వచ్చి పెయింట్ ఏస్తరు."

"వద్దు బాబూ, వేయించకు," అన్నాను. కొంచెం గట్టిగానే అన్నట్టున్నాను, ఇద్దరూ నా మొహంలోకి చూశారు. ఈలోగా పాలు పొంగి స్టవ్ మీద పడ్డాయి, ఆ హడావిడిలో నన్ను ఎవరూ ఏమీ అడగలేదు. నేను మాత్రం ఇంటికి వచ్చాక కూడా వీళ్లకి ముందు ఆ ఫ్లాట్‌లో ఉన్న పెద్దాయన గురించే ఆలోచిస్తూ కూర్చున్నాను.

ఆ మచ్చ ఉన్నచోట ఒక చిన్న లోహపు గొట్టం ఉండేది. యూదుల గ్రంథంలోని వాక్యాలు రాసిన తోలుముక్కని చుట్టి అందులో పెడతారట. మన గడపకి పసుపు రాసినట్టు వాళ్ల గుమ్మానికి అది ఉంటుంది. పెద్దాయన లోపలికి వెళ్లినా బయటికి వచ్చినా రెండు వేళ్లతో దాన్ని తాకి, ఆ వేళ్లు పెదాలకి ఆనించుకునేవాడు. చేతుల్లో కిరాణా సంచులుంటే వాటిని కింద పెట్టి మరీ తాకేవాడు. తాకి, సంచులు బయటే మర్చిపోయి తలుపేసుకునేవాడు. మేం తలుపు కొట్టి అందిస్తే, వాటిని మొదటిసారి చూస్తున్నట్టు చూసేవాడు.

"అది వంకరగా ఎందుకుంది? నేను తిన్నగా పెట్టించనా?" అని మావారు ఒకసారి స్క్రూడ్రైవర్‌తో సహా వెళ్లి అడిగారు. నిలువుగా పెట్టాలని పూర్వం ఒక పెద్ద పండితుడు, అడ్డంగా పెట్టాలని ఆయన సొంత మనవడు వాదించుకున్నారట. ఎవరినీ నొప్పించకూడదని తర్వాతివాళ్లు ఏటవాలుగా పెట్టడం మొదలుపెట్టారట. దేన్నీ ఊరికే పోనివ్వని ఆ మనిషి ఇంట్లో, రాజీ కుదిరిన వస్తువు నాకు తెలిసి అదొక్కటే.

ఆయన పళ్ల డాక్టరు. రిటైరయి చాలా ఏళ్లయినా అలవాటు పోలేదు. ఎదుటివాళ్లు మాట్లాడుతుంటే కళ్లలోకి కాకుండా నోట్లోకి చూసేవాడు. మా అత్తగారు ఇండియా నుంచి వచ్చినప్పుడు ఆవిడకి తెలియని భాషలో నమస్కారం చెప్పి, కింది దవడలో ఎడమపక్క ఒక పన్ను చూపించుకోమన్నాడు. నిజంగానే ఆ పన్ను ఆవిడని ఆ వారమంతా ఏడిపించింది. ఆయన ఇంగ్లీషే మాట్లాడేవాడు, కానీ నాకెందుకో అన్నీ తెలుగులోనే గుర్తున్నాయి.

సాయంత్రాలు ఆయన ఇంటికి పిల్లలు వచ్చేవాళ్లు. బార్ మిట్స్వాకి, అంటే పదమూడేళ్లు నిండినప్పుడు వాళ్ల గుడిలో గ్రంథం చదవడానికి, తయారవుతున్న పిల్లలు. ఫీజు లేదు. మాకూ ఆయనకీ మధ్య గోడ పల్చన. నేను ఆఫీసు నుంచి వచ్చి పప్పు కడుగుతుంటే గోడ అవతల గొంతు మారుతున్న మగపిల్లాడొకడు ఒక వాక్యాన్ని రాగం తీస్తూ ఉండేవాడు. రాగం మధ్యలో గొంతు జారేది. వెంటనే బల్ల మీద చెంచాతో ఒక దెబ్బ, దాని వెనకే ఆయన గొంతు: "మళ్ళీ."

చదువు అంటే మనం అనుకునే చదువు కాదది. చేత్తో రాసిన తోలుచుట్టలో అచ్చుల గుర్తులు ఉండవు, వాక్యం ఎక్కడ ఆపాలో ఉండదు, రాగం అసలే ఉండదు. ఉత్త హల్లులు. మిగతాదంతా పిల్లల నోట్లో ఉండాలి. అక్షరాల్ని వేలితో ముట్టుకోకూడదు కాబట్టి కొసన బుల్లి చెయ్యి చెక్కిన వెండి పుల్లతో చూపిస్తూ చదువుతారు. చదివేవాడికి అటూ ఇటూ ఇద్దరు నిలబడతారు, ఎందుకంటే మాట తప్పితే అక్కడే, అందరూ వింటుండగానే, దిద్దాలి. తప్పినవాడు వెనక్కి వెళ్లి మళ్లీ చదవాలి. నాకు ఇది విన్నప్పుడు ప్రాణం ఉసూరుమంది. పండగపూట, చుట్టాలందరి ముందు, పిల్లాడి తప్పు పట్టుకుంటారా?

"ఎక్కడ తప్పాడో చెప్పొచ్చు కదండీ, ఊరికే మళ్ళీ మళ్ళీ అంటారు," అన్నాను ఒకరోజు లిఫ్టులో.

"నేను చెప్తే అది నాకు దొరికిన తప్పు అవుతుంది," అన్నాడు. "వాడిది వాడు వెతుక్కోవద్దూ?"

నేర్చుకోవడం పూర్తయిన పిల్లాడికి ఆయన కంగ్రాచ్యులేషన్స్ చెప్పగా నేను వినలేదు. గుమ్మం దాకా వచ్చి, పెద్దమనిషికి ఇచ్చినట్టు చెయ్యి కలిపి, "ఇక నుంచి నీ తప్పులు నీవే," అనేవాడు. అదేదో బహుమతి ఇచ్చినట్టు. పళ్లబుట్ట పట్టుకొచ్చిన తల్లిదండ్రులు ఏమనాలో తెలియక నవ్వేవాళ్లు.

మా అమ్మాయి మేఘన ఓణీల ఫంక్షన్‌కి ఆయన్ని పిలిచాం. అక్కడే ఆయనకీ నాకూ మాటా మాటా వచ్చింది.

ఎడిసన్‌లో బాంకెట్ హాల్ బుక్ చేశాం. ఇండియా నుంచి కంచిపట్టు లంగా ఓణీ తెప్పించాం. వేదిక మీద అరటిచెట్లు ప్లాస్టిక్‌వి గానీ దగ్గరికి వెళ్తే తప్ప తెలియదు. ఊళ్లో మా చెల్లెలు కూడా మానేసిన తతంగాలన్నీ నేను గుర్తుపెట్టుకుని చేయించాను. పెద్దాయన నీలం సూటు వేసుకుని, నెత్తిన చిన్న గుండ్రటి టోపీతో వచ్చాడు. అక్షింతలు చేతిలో పోస్తే, "ఇవి తినేవి కావు కదా?" అని అడిగాడు. కావన్నాను. "నయం. మా గుళ్లో చదివిన పిల్లాడి మీద జెల్లీ బిళ్ళలు విసురుతారు. ఎంత చెప్పినా మానరు. అలాగని ఫిర్యాదు చేయలేను, నా ఇల్లు గడిచింది ఆ బిళ్ళల వల్లే," అన్నాడు.

భోజనాల దగ్గర ఆయన పక్కన కూర్చున్నాను. మా వంట ఆయన తినడు, వాళ్ల వంటింటి నియమాలు వేరు. ఒక అరటిపండు ఒలుచుకుంటూ, వేదిక మీద సింహాసనం లాంటి కుర్చీలో ఉన్న మేఘనని చూస్తున్నాడు.

"అమ్మాయి ఇప్పుడేం చేస్తుంది?"

"ఏం చేయడమేంటి? కూర్చుంది కదా."

"చూస్తున్నాను. కూర్చున్నాక?"

"కూర్చున్నాక అందరూ ఆశీర్వదిస్తారు."

"తను ఏమీ చెప్పదా? ఎవరూ ఏమీ అడగరా?"

నాకు ఒళ్లు మండింది. పొద్దున నాలుగింటికి లేచి జడ వేయించుకున్న పిల్లని పట్టుకుని ఏం చేసిందని అడుగుతాడా? "మీవాళ్లేమన్నా తక్కువ తిన్నారా? పదమూడేళ్ల పిల్లాడికి డీజే, ఫోటో బూత్, వాడి పేరు కొట్టించిన టీషర్టులు. మా ఆఫీసులో ఒకాయన కొడుకు పార్టీకి వెళ్లాను, ఏనుగు అంబారీ ఒక్కటే తక్కువైంది," అన్నాను.

ఆయన కోప్పడలేదు, పళ్లన్నీ కనబడేలా నవ్వాడు. "పార్టీ సంగతి పక్కన పెట్టండి, అది ఎవరిదైనా ఒకటే. అసలు ఏ వేడుకా చేయకపోయినా పదమూడు నిండిన రోజు బార్ మిట్స్వా అయిపోతుంది. పిల్లాడు నిద్రపోతున్నా అయిపోతుంది. మా ప్రార్థనకి పదిమంది పెద్దవాళ్లు ఉండాలి. తొమ్మిదిమంది మహాపండితులు వచ్చి కూర్చున్నా మొదలుపెట్టలేం. నిన్నటిదాకా పిల్లకాయగా ఉన్నవాడు పదోవాడిగా వస్తే మొదలుపెట్టొచ్చు. ఇప్పుడు మా గుళ్లో ఆడపిల్లలకీ అంతే. తోలుచుట్ట దగ్గర నిలబెట్టి చదివించేది, వాడు లెక్కలోకి వచ్చాడని పదిమందికీ వినబడాలని."

పదిమందిలో పరువు అంటాం, పదిమంది ఏమనుకుంటారు అంటాం. ఆ పదిమంది ఎవరో నేనెప్పుడూ లెక్కపెట్టి చూడలేదు. వీళ్లు నిజంగానే లెక్కపెట్టుకుని కూర్చుంటారన్నమాట.

"ఆ రోజు తండ్రి కూడా ఒక మాట అంటాడు," అన్నాడు ఆయన. "ఈ పిల్లాడి తప్పుల నుంచి నన్ను విడిపించిన దేవుడా, నీకు దండం, అని."

"అదేం మాటండీ! బిడ్డ పీడ విరగడైందని దండం పెట్టుకుంటారా?"

"బిడ్డ ఎక్కడికీ పోడు. వాడి తప్పులే వాడి దగ్గరికి పోతాయి."

"మా ఇళ్లలో అట్లా కుదరదు. పెళ్లయి పిల్లలు పుట్టినా తప్పు మాదే."

ఆయన అరటి తొక్కని నాలుగు మడతలు పెట్టి పళ్లెంలో ఒక మూలన ఉంచాడు. "అయితే మీరు చాలా అలిసిపోతూ ఉండాలి," అన్నాడు. ఎగతాళి చేస్తున్నాడేమోనని మొహం చూశాను. లేదు, నిజంగానే అన్నాడు. కారులో ఇంటికొస్తుంటే మేఘన ఓణీ పిన్నులు ఊడదీసుకుంటూ, "ఆ అంకుల్ చెప్పింది కరెక్టే మామ్, I literally just sat there," అంది. నువ్వు కూడానా అని గదమాయించాను.

ఆ తర్వాతి చలికాలంలో ఆయనకి చిన్న స్ట్రోక్ వచ్చింది. ఆస్పత్రి నుంచి వచ్చాక ఎడమచెయ్యి మందగించింది. మాట్లాడుతూ మాట్లాడుతూ ఒక మాట దగ్గర ఆగి, అది దొరక్కపోతే చెంచాతో బల్ల మీద కొట్టుకునేవాడు. పిల్లలు రావడం మానేశారు. గోడ నిశ్శబ్దంగా ఉంటే నాకు వంట చేస్తున్నట్టే ఉండేది కాదు. కొన్నాళ్లకి గోడ అవతల మళ్లీ రాగం వినబడింది. ఈసారి గొంతు ఆయనదే. ఒకే అధ్యాయం, మళ్లీ అదే. మధ్యలో తడబడితే చెంచా దెబ్బ, "మళ్ళీ" అని తనకు తనే చెప్పుకోవడం.

కమలాపళ్లు తీసుకుని వెళ్లి, ఎందుకండీ ఈ వయసులో ఇంత కష్టం అని అడిగాను.

"ఎనభై మూడు వస్తున్నాయి. మా గ్రంథం మనిషి ఆయుష్షు డెబ్బై అంటుంది. అది దాటాక లెక్క మొదటినుంచి మొదలు. డెబ్బై మీద పదమూడు. అంటే నాకు మళ్లీ పదమూడో ఏడు వస్తోంది. అప్పుడు ఇంకోసారి చదవొచ్చు. కొందరు సరదాకి చదువుతారు. నాకు సరదా కాదు."

పుట్టినరోజు ఏ వారంలో పడితే ఆ వారపు అధ్యాయమే పిల్లాడి వాటాకి వస్తుందట. "కొందరికి సముద్రం రెండుగా చీలడం వస్తుంది. నాకు జనాభా లెక్కలు వచ్చాయి," అన్నాడు. ఎడారిలో ఉన్న జనాన్ని తెగల వారీగా లెక్కపెట్టమని దేవుడు చెప్పిన అధ్యాయం అది. ప్రతి తెగకీ అవే మాటలు, పేరూ అంకే మారతాయి. ఒక తెగ చివరినుంచి కన్ను ఎగిరి ఇంకో తెగ చివర వాలిందంటే, మధ్యలోది మొత్తం పోతుంది.

"నా పదమూడో ఏట అట్లా ఒక తెగ పోయింది. పక్కన నిలబడ్డాయన దిద్దడానికి నోరు తెరిచాడు. మా నాన్న చెయ్యెత్తి, పసివాడు, వదిలేయండి అన్నాడు. మా నాన్న ఆ గుడికి పెద్ద. వదిలేశారు. నా మీద జెల్లీ బిళ్ళలు విసిరారు."

"పోనీలెండి, ప్రేమ కొద్దీ అన్నారు."

"ప్రేమ కొద్దీయే. ఆ తర్వాత, విడిపించిన దేవుడికి దండం అని కూడా అన్నాడు. కానీ నా తప్పుని అప్పటికే తన నెత్తిన వేసుకున్నాడు. నాకు తెలుసు నేను తప్పానని. బిళ్ళలు ఏరుకుంటూ ఏడ్చాను. సంతోషంతో ఏడుస్తున్నాననుకున్నారు. ఆ తెగా లెక్కలోకి రాలేదు, నేనూ రాలేదు."

తర్వాత అసలు భయం చెప్పాడు. ఈసారి అటూ ఇటూ నిలబడబోయేది తన దగ్గర నేర్చుకుని పెద్దవాళ్లయినవాళ్లే. ఆయనంటే ప్రాణం వాళ్లకి. ఆయన నోరు తడబడితే, పాపం పెద్దాయన, ఒంట్లో బాగాలేదు అని ఊరుకుంటారు. "పసివాణ్ణని ఒకసారి వదిలేశారు. ముసలివాణ్ణని ఒకసారి వదిలేస్తారు. మధ్యలో నేను మనిషినైంది ఎప్పుడు?" అని అడిగాడు. ఆ మాటకి నా కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆయన చూడకుండా కమలాపండు ఒలుస్తూ కూర్చున్నాను.

ఆయనకి తన సాధన వినడానికి ఒక మనిషి కావాలి. మేఘనని పంపమన్నాడు. మేఘన కర్ణాటక సంగీతం నేర్చుకుంటోంది, గోడకి అటువైపు కూడా వినబడుతుంది కదా. "తాళం తప్పితే ఆగి మొదటికి వెళ్తుంది. రెండేళ్లుగా వింటున్నాను. పైగా నా భాష రాదు కాబట్టి జాలిపడదు," అన్నాడు. నాకు మనసొప్పలేదు. పెద్దవాళ్ల తప్పులు ఎంచకూడదని నేను నేర్పుకుంటూ వస్తే, ఈయన దాన్ని ఆ పనికే రమ్మంటున్నాడు. మేఘన మాత్రం స్కూలు బ్యాగు కింద పడేసి వెంటనే వెళ్లింది.

అరగంటలో ముక్కు ఎగబీల్చుకుంటూ తిరిగొచ్చింది. "He yelled at me for being nice!" ఇంగ్లీషు అక్షరాల్లో రాసిన కాగితం చేతికిచ్చి వినమన్నాడట. రెండోసారికి ఆయన ఆయాసపడుతుంటే, ఒక మాట తప్పినా ఇది పట్టించుకోలేదట. ఆయన చెంచా పెట్టి బల్ల బాదేశాడట: "నన్నెందుకు వదిలేశావు?"

"నువ్వేమన్నావ్?"

"You were tired కదా అన్నాను. అలిసిపోయింది నేనే, తప్పింది కూడా నేనే, they are two different things అన్నాడు."

ఇంక పంపకూడదనుకున్నాను. మర్నాడు నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి మేఘన గోడ అవతలే ఉంది. చెంచా దెబ్బ వినబడింది. "మళ్ళీ" అన్న గొంతు మాత్రం మా పిల్లది.

ఆయన చదవాల్సిన శనివారం వచ్చింది. ఆయనతో పాటు మేమిద్దరం నడిచే వెళ్లాం. శనివారం ఆయన కారెక్కడు. చేతికర్ర, నీలం సూటు. గుడి గుమ్మంలో రంగు కాగితాలు చుట్టిన జెల్లీ బిళ్ళల గిన్నె చూసి, శత్రువుని చూసినట్టు చూసి లోపలికి నడిచాడు. మేం వెనక వరసలో కూర్చున్నాం. ఆయన పేరుని తండ్రి పేరుతో కలిపి పిలిచారు, వాళ్ల పద్ధతి అది. కర్ర బల్లకి ఆనించి, వెండి పుల్ల అందుకుని మొదలుపెట్టాడు.

గొంతు సన్నగా ఉంది గానీ నిలబడింది. ఒక్కొక్క తెగా వస్తోంది, లెక్కలోకి ఎక్కి పోతోంది. అంట్లు తోముతూ అన్నాళ్లు విన్నాను కదా, దేని తర్వాత ఏది వస్తుందో నాకూ నోటికి వచ్చేసింది. చివరికి వచ్చేస్తున్నాడు, ఇంక కాసేపే, గట్టెక్కేశాడు అనుకుంటున్నాను. అప్పుడే ఒక తెగ ఎగిరిపోయింది. చిన్నప్పుడు పోయిందీ ఇదీ ఒకటో కాదో ఆయన ఎప్పుడూ చెప్పలేదు.

కుడిపక్కనున్నాయన తల ఎత్తాడు. ఎడమపక్కనున్నాయన కళ్లలో అప్పటికే నీళ్లు, వద్దన్నట్టు తల ఊపాడు. ముందు వరసల్లో పుస్తకాల మీద నడుస్తున్న వేళ్లు ఆగిపోయాయి. ఆ గదిలో అందరికీ తెలిసింది. అందరికీ ఆయనంటే ఇష్టం కాబట్టి ఎవరూ నోరు మెదపలేదు. పెద్దాయన గొంతు ముందుకు సాగుతోంది. ఆయనకి తెలియలేదో, తెలిసి ఎదురుచూస్తున్నాడో వెనకనుంచి చూస్తే ఏం తెలుస్తుంది?

నేను మేఘన మణికట్టు గట్టిగా పట్టుకున్నాను. ఎందుకు పట్టుకోను? పరాయివాళ్ల గుడి. మేం చూడ్డానికి వచ్చినవాళ్లం. ఆయన కొడుకు ముందు వరసలో ఉన్నాడు. మా పిల్ల నోరు తెరిస్తే తల ఎక్కడ పెట్టుకోవాలి?

మేఘన నావైపు తిరిగి, "అమ్మా, వదులు," అంది. దాని నోటినుంచి ఎప్పుడూ మామ్ తప్ప అమ్మా రాదు. నా వేళ్లు సడలాయో, అదే లాగేసుకుందో తెలియదు, లేచి నిలబడింది. అరవలేదు. ఆయన ఇంట్లో బల్లకి అటువైపు కూర్చుని ఎట్లా చెప్పేదో అట్లాగే ఆ తెగ పేరు చెప్పింది. చెప్పి, "అంకుల్, you left them out," అంది.

తలలన్నీ వెనక్కి తిరిగాయి. వాళ్ల రబ్బై, అంటే గురువుగారు, కుర్చీలోంచి సగం లేచాడు. నేను పిల్ల కుర్తా అంచు పట్టుకుని కిందికి లాగుతూనే ఉన్నాను, అది కూర్చోలేదు. పెద్దాయన చదవడం ఆపాడు. వెనక్కి తిరిగి చూడలేదు. వెండి పుల్ల తోలు మీదుగా పైకి నడిచి ఒకచోట ఆగింది.

"మళ్ళీ," అన్నాడు. పిల్లలతో అన్నట్టే, గది మొత్తం వినబడేలా.

ఆ తెగని ఆయన మిగతా అన్నిటికన్నా గట్టిగా చదివాడు. పేరు దగ్గర రాగం ఇంకాస్త సాగదీశాడు. అటూ ఇటూ ఉన్న ఇద్దరూ కళ్లు తుడుచుకుంటూ నవ్వుతున్నారు. చదవడం అయ్యాక నలుమూలల నుంచీ జెల్లీ బిళ్ళలు వచ్చి పడ్డాయి. ఒకటి ఆయన కళ్లజోడుకి తగిలింది. ఆయన దాన్ని పట్టుకుని, కాగితం విప్పి, అందరూ చూస్తుండగా నోట్లో వేసుకున్నాడు. ఆయన చక్కెర బిళ్ళ తినగా అదొక్కసారే చూశాను.

తర్వాత పళ్లరసాల బల్ల దగ్గర నన్ను వెతుక్కుంటూ వచ్చాడు. "మీరు ఆ మాట అనాల్సిన రోజు ఇది," అన్నాడు.

"ఏ మాట?"

"విడిపించిన దేవుడికి దండం."

"నేననను. పెళ్లయ్యాక చూద్దాం," అన్నాను. ఆయన దగ్గు వచ్చేదాకా నవ్వాడు.

ఆ శరత్కాలంలో నిద్రలోనే పోయాడు. కొడుకు టెక్సస్ నుంచి వచ్చి, వాళ్ల పద్ధతి ప్రకారం పరామర్శకి వచ్చేవాళ్ల కోసం వారం రోజులు తలుపు తెరిచి ఉంచి కూర్చున్నాడు. ఇంట్లో అద్దాలకి గుడ్డలు కప్పారు. మేఘన స్కూలు నుంచి వచ్చి ఒక్కతే వెళ్లింది. ఏం మాట్లాడాలో నేర్పి పంపుదామనుకున్నాను, నేను చెప్పులు వేసుకునేలోపే వెళ్లిపోయింది.

"వాళ్లబ్బాయితో ఏం మాట్లాడావు?" అని అడిగాను వచ్చాక.

"అంకుల్ చేసే mistakes చెప్పాను. ఆకలేస్తే ఏ తెగ skip చేస్తాడో, నిద్రొస్తే ఏది చేస్తాడో."

"చచ్చిపోయిన మనిషి తప్పులు చెప్పొచ్చావా! ఏమన్నాడు?"

"ఫస్ట్ నవ్వాడు. తర్వాత ఏడ్చాడు. ఇంకా చెప్పమన్నాడు."

వెళ్లేరోజు ఆ కొడుకు గుమ్మానికున్న గొట్టం ఊడదీశాడు. తర్వాత వచ్చేవాళ్లు యూదులు కాకపోతే తీసెయ్యాలట. మాకు చెయ్యి కలిపి వెళ్లిపోయాడు. చట్రం మీద ఆ మచ్చ మిగిలింది.

కొత్తవాళ్లు దిగిన మర్నాడు, ఆదివారం, మేఘనకి క్వీన్స్‌లో ఒక గుళ్లో పాటల పోటీ. మొన్ననే పదహారు నిండాయి. ట్రెయిన్ ఎక్కి నది దాటి, ఇంకో ట్రెయిన్ మారి ఒక్కతే వెళ్తానంది. నన్ను రావద్దంది. "నువ్వొస్తే ఫ్రంట్ రోలో కూర్చుని నా తాళం నువ్వే వేస్తావ్ మామ్. I look at your hand. నాకు నా తాళమే కావాలి." కోపం వచ్చింది. ఆ కోపంలోనే లిఫ్టు దాకా వెంటపడ్డాను. ఫోను చార్జ్ చేశావా, మంచినీళ్లు పెట్టుకున్నావా, రెండో చరణంలో ఊపిరి ఎక్కడ తీసుకోవాలో గుర్తుందా? అది లిఫ్టు తలుపుకి చెయ్యి అడ్డం పెట్టి నేను అడిగినవాటన్నిటికీ ఓపిగ్గా తలూపింది. తర్వాత చెయ్యి తీసింది. తలుపులు మూసుకున్నాయి.

కారిడార్‌లో ఎవరూ లేరు. ఇంటికి నడుస్తూ పక్కింటి గుమ్మం దగ్గర ఆగాను. ఎవరన్నా చూస్తే ఏమనుకుంటారు అనిపించింది గానీ, రెండు వేళ్లు ఆ మచ్చ మీద ఆనించాను. "ఈ పిల్ల తప్పుల నుంచి నన్ను విడిపించిన దేవుడా, నీకు దండం," అన్నాను. "కాస్త దాన్ని కనిపెట్టుకుని ఉండు, పాట మధ్యలో భయపడకుండా చూడు, ఆ ట్రెయిన్ మారేచోట..."

అక్కడ ఆగిపోయాను. ఇవేవీ పెద్దాయన చెప్పిన మాటలో లేవు.

లోపల కొత్తవాళ్ల మిక్సీ తిరుగుతోంది. వేళ్లు అక్కడే ఉంచి, అది ఆగేదాకా నిలబడ్డాను.

"మళ్ళీ," అనుకుని, మొదటినుంచి చెప్పాను.